ఆర్విల్ టాకెట్ పిస్టల్ పరీక్షలు

పక్కవాడి నడుముకున్న పిస్టల్ వాడికి గుచ్చుకుంటోందేమోనని తన నడుం పట్టేసినంత బాధపడే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన పేరు ఆర్విల్ టాకెట్.

అమెరికాలోని కెంటకీ కొండల్లో మా ఊరి నడివీధిలో నాది హోటలు, పక్క కొట్టు ఆయనది. చిన్న పిస్టళ్ళు అమ్మేవాడు, బాగుచేసేవాడు, చొక్కా కింద కనపడకుండా పెట్టుకునేందుకు తోలు ఒరలు కుట్టేవాడు. మా ఊళ్ళో చాలామందికి ఆ అలవాటుంది కనుక బేరాలకు కొదవ లేదు. కొన్నవాడికి మనశ్శాంతే ఉండేది కాదు. మా హోటల్లో ఎవరైనా కుర్చీలో కాస్త పక్కకి జరిగితే చాలు, కాఫీ వదిలేసి వచ్చి గుచ్చుకుంటోందా అని అడిగేవాడు. లేదన్నా నమ్మడు. వంగమనేవాడు, లేవమనేవాడు, కింద పడ్డ చెంచా తియ్యమనేవాడు. ఆ చెంచా పడేసిందీ ఆయనే. చివరికి "నా దగ్గర వదిలెయ్, పరీక్ష చేస్తా" అని పట్టుకుపోయేవాడు.

పరీక్ష అంటే ఆయనే కట్టుకు తిరగడం. దాంతోనే చర్చిలో మోకరిల్లేవాడు, దాంతోనే గడ్డి కోసేవాడు, భోంచేసి దాంతోనే పడక్కుర్చీలో కునుకు తీసేవాడు. తర్వాత పాత రాతిక్వారీకి వెళ్ళి డబ్బాలకొద్దీ తూటాలు కాల్చేవాడు. ఒక్కటి ఇరుక్కుంటే మళ్ళీ మొదటికొచ్చేది. జేబులో చేరే నూలుపోగులకి కూడా అది మొరాయించకూడదని, బట్టలారబెట్టే మెషీన్‌లో పేరుకున్న నూగు తెచ్చి దానిమీద చల్లేవాడు.

చిన్నది జేబులో హాయిగా ఉంటుంది గానీ కాల్చినప్పుడు అరచెయ్యి వాచిపోతుందనీ, పెద్దది నమ్మకంగా పనిచేస్తుంది గానీ నడుముకి ఇటుక కట్టుకున్నట్టుంటుందనీ ఆయన బాధ. హాయీ నమ్మకమూ రెండూ ఉన్నదాని కోసం వెతుకుతూనే ఉండేవాడు.

"పెళ్ళికి ముందు నేనూ అలాగే వెతికా," అనేది ఆయన భార్య వెర్లా. "చివరికి ఈయన దొరికాడు."

బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన డెంజిల్ కోంబ్స్ భార్య ఒలీటా ఆ ఏడు వసంతంలో పోయింది. డెంజిల్ మా హోటలుకు రావడం మానేశాడు. దారిలో ఎదురై పలకరించినా పలికేవాడు కాదు. ఒకరోజు ఆర్విలే డెంజిల్ ఇంటికి వెళ్ళి, నీ పిస్టల్ స్ప్రింగు మీద నాకు అనుమానంగా ఉంది, పరీక్ష చేయాలన్నాడు. గోడమీది వేట తుపాకులకు కూడా అదే సీసాలో నూనె వాడావు కదా అని వాటినీ మోసుకొచ్చాడు. స్ప్రింగు జబ్బు నూనె ద్వారా అంటుకుంటుందని మేం వినడం అదే మొదటిసారి.

డెంజిల్ వారం వారం అడగడానికి వచ్చేవాడు. ఒక వారం ఎండ ఎక్కువైందనీ, ఇంకో వారం వాన అనీ ఆర్విల్ సాకు చెప్పేవాడు. ఒకసారి ఎడమచేత్తో ఎలా పేలుతుందో చూడాలన్నాడు. డెంజిల్‌ది కుడిచేతివాటం. కొత్త స్ప్రింగు కోసం పక్క ఊరు పోదామని బండెక్కించుకునేవాడు, ఆ కొట్టు మూసి ఉండేది, దారిలో వాగు కనిపిస్తే ఇద్దరూ చేపలు పట్టేవారు, చివరికి వెర్లా వంటింట్లో తేలేవారు.

పాపం డెంజిల్‌ని ఇలా తిప్పుతున్నాడేమిటని చిరాకేసి నేనే కొట్టుకెళ్ళాను.

"ఆయన సొత్తు ఆయనకిచ్చెయ్యొచ్చుగా పెద్దాయనా. ఇంకా ఏం పరీక్ష?"

ఆర్విల్ సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "తుపాకీ పరీక్ష మొదటిరోజే అయిపోయింది. డెంజిల్‌దే అవలేదు. ఆ ఖాళీ ఇంట్లో అవి వాడి చేతికి అందేచోట ఉండకూడదు."

డెంజిల్ నిన్ను చాదస్తపు ముసలాడని ఊరంతా తిరిగి తిట్టిపోస్తున్నాడే అన్నాను.

"తిట్టనీ. తిట్టే ఓపిక వస్తోందిగా."

ఆకులు రాలే కాలంలో డెంజిల్ మళ్ళీ మా హోటలుకొచ్చాడు. ఆపిల్ కూరిన తీపి రొట్టె రెండు ముక్కలు తిని, అడుగు మాడిందని నాతో పోట్లాడాడు. నేను వెంటనే పక్క కొట్టుకు పరిగెత్తి ఆ శుభవార్త చెప్పాను. ఇంకో రెండు వారాలు చూసి, ఆర్విల్ అన్నీ తుడిచి తిరిగిచ్చేశాడు.

పాపం డెంజిల్‌కి ఏమీ తెలియదనుకుని, మొత్తానికి స్ప్రింగు బాగయిందన్నమాట అని ఆయనతో అన్నాను.

"దానికేం జబ్బు లేదు. పోయిన చలికాలంలోనే నేను కొత్తది వేశా," అన్నాడు.

తెలిసీ వారం వారం ఎందుకు తిరిగావని అడిగాను.

డెంజిల్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆదివారం వెర్లా కోడి వేయిస్తుంది. ఉత్తినే వెళ్తే ఏం బాగుంటుంది? ఏదో ఒకటి అడగాలిగా."