జల్లాఖ్ ఒడ్డున డ్రమ్ము కాచాను

ఆ డ్రమ్మును కాల్చింది ఖలీల్ భాయ్ సిగరెట్ కాదు, నేను. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు పాతికేళ్ల పైనే పట్టింది. ఒక మంచి డ్రమ్మునూ ఒక మంచి మనిషి పరువునూ ఒకే నిప్పుల మీద ఎలా మాడ్చానో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, ఏమనుకోను.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు గోదాముల్లో మూటలు మోసేవాణ్ణి. మా ఊళ్లో మాత్రం దుబాయిలో ఉన్నట్టే లెక్క. బోధన్ నుంచి వచ్చిన ఖలీల్ భాయ్ అక్కడే వ్యాను నడిపేవాడు. ప్రతి గురువారం ఒక ఫంక్ బ్యాండు సామాన్‌ను జల్లాఖ్‌లోని సముద్రపు ఒడ్డు రిసార్టుకు చేరవేసేవాడు. స్పీకర్లు మోయడానికి నన్ను వెంట తీసుకెళ్లేవాడు. అందుకు మాకు దక్కేది స్టేజీ పక్కన ఇద్దరు నిలబడేంత చోటు. ఖలీల్ భాయ్ వారమంతా ఆ చోటు కోసమే బతికేవాడు.

ఫంక్ అంటే ఏమిటో నాకు పాఠం చెప్పింది కూడా ఆయనే, స్టీరింగ్ తిప్పుతూ.

"అమెరికాల నల్లోళ్లు పుట్టిచ్చిన్రు తమ్మీ. పాట ఎన్కకు, దెబ్బ ముందటికి. ఒకటో దెబ్బ మీద అందరు వచ్చి కల్వాలె. బేస్ గిటార్ ఇంజను, డ్రమ్ము గేరు."

"మరి పాడేటోడు?"

"ఆడు హారన్. పనివడ్డప్పుడే."

మా బ్యాండు చరిత్ర కూడా ఆయనకు కంఠతా వచ్చు. "ఈళ్లు మనీలాల పెండ్లిళ్లల్ల మెల్లటి పాటలు కొట్టెటోళ్లట. ఈడికొచ్చి హోటల్ల గూడ అవే కొట్టిన్రు. తినేటోళ్లు తలకాయ ఎత్తలే. ఓ దినం డ్రమ్ము కొట్టే డానీకి కోపమొచ్చి దంచిండు, బేసోడు జతగూడిండు. జనం చెంచాలు పడేసి లేచిన్రు. గంతే, ఫంక్ బ్యాండ్ అయిన్రు."

ఇందులో నిజమెంతో నాకు తెలియదు. మొదటి కచేరీకే నేను పడిపోయాను. బేస్ మోగితే ఇసుకలోంచి అరికాళ్లకు, అక్కణ్ణుంచి కడుపులోకి ఎక్కేది. అరబ్బులు, మలయాళీలు, తెల్లవాళ్లు ఒకే దెబ్బకు తల ఊపేవారు. కళ్లు మూసుకుంటే అచ్చం ఊళ్లో మా మామ వాయించే డప్పే. అసలు ప్రమాదం అక్కడే పుట్టింది.

ఆ గురువారం ఎండ ఇంకా దిగలేదు. డానీ చిన్న డ్రమ్మును రెండుసార్లు కొట్టి, పాడైన పాలు తాగినట్టు మొహం పెట్టాడు.

"సౌండ్ నో గుడ్," అని దాన్ని కుర్చీ మీద ఉంచి, దాని మరలు బిగించే తాళం కోసం వ్యాను దగ్గరకు వెళ్లాడు.

తాళమెందుకు? మెత్తబడిన డప్పును ఏం చేయాలో మా ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. సముద్రపు తేమకు తోలు వదులైంది, కాస్త వేడి చూపిస్తే ఖంగుమంటుంది. పక్కనే కబాబుల కోసం నిప్పులు రాజేసి ఉన్నాయి. వంటవాడు లోపలికి వెళ్లాడు. దేవుడే దగ్గరుండి ఏర్పాట్లన్నీ చేశాడనుకున్నాను.

డ్రమ్మును బోర్లించి, మామ పట్టినట్టే తిప్పుతూ నిప్పుల మీద పట్టాను. డప్పు కాగితే కమ్మటి తోలు వాసన వస్తుంది. దీనికి కాలిన బకెట్ వాసన వచ్చింది. తిప్పి చూస్తే అది తోలు కాదు, ప్లాస్టిక్. ముసలమ్మ చెంపలా ముడతలు పడి ఉంది. నడుమ సిగరెట్ కొనంత గుండ్రటి చిల్లు.

దొంగలా తెచ్చి కుర్చీ మీద పెట్టేశాను. అప్పుడే ఖలీల్ భాయ్ వైర్లు పరిచి వచ్చి, ఆ కుర్చీ పక్కనే కూలబడి సిగరెట్ ముట్టించాడు. తాళంతో డానీ వచ్చాడు. చిల్లు చూశాడు, సిగరెట్ చూశాడు. స్టేజీ దగ్గర తాగొద్దని ఆయనకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఖలీల్ భాయ్ తన వేళ్ల మధ్య ఉన్నదాన్నీ చిల్లునూ మార్చి మార్చి చూసి, నా వైపు తిరిగాడు.

"తమ్మీ, రవ్వ నాదే పడ్డదా? నువ్వేమన్న చూసినవా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, "చూడలే భాయ్," అన్నాను.

"నాదే అయ్యుంటది. సారీ డానీ భాయ్."

సిగరెట్‌తో అన్ని ముడతలు ఎలా పడ్డాయని ఎవరూ అడగలేదు. అడిగితే ఎండ అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఖలాస్. స్టేజ్ నో కమ్. యూ వ్యాన్," అన్నాడు డానీ. ఆనాటి నుంచి సామాన్ దించగానే ఖలీల్ భాయ్ పార్కింగ్‌కు వెళ్లిపోవాలి. గోదాముల్లో మనవాళ్లంతా ఆయనకు సిగరెట్ ఖలీల్ అని పేరు పెట్టి నవ్వారు.

చిల్లుకు టేపు అతికించి కచేరీ నడిపారు. ఆ డ్రమ్ము ఖాళీ నూనె డబ్బాలా డొక్కుడొక్కుమంది. జనం దానికీ ఎగిరారు. నేను ఇద్దరి చోటులో ఒక్కణ్ణే నిలబడ్డాను. దూరంగా ఖలీల్ భాయ్ వ్యాను బానెట్ మీద అరచేత్తో ఒకటో దెబ్బ వేస్తున్నాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

తిరిగి వస్తుంటే అడిగాడు. "ఎట్ల కొట్టిన్రు?"

"మంచిగనే భాయ్."

పోయినేడు బోధన్‌లో ఆయన మనవరాలి పెళ్లికి వెళ్లాను. బరాత్‌కు ముందు మర్ఫా వాయించేవాళ్లు రోడ్డు పక్కన అట్టపెట్టెలు ముట్టించి డప్పులు కాచుకుంటున్నారు. ఆ మంట చూడగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"భాయ్, ఆ డ్రమ్మును నీ సిగరెట్ కాల్చలే. తోలనుకుని నేనే కబాబు నిప్పుల మీద కాచిన. నీ చోటు పోగొట్టిన."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నా సిగరెట్ కాదా?"

"కాదు భాయ్."

"ఆ దినమే మానేసిన గద గంగారాం. డానీ డ్రమ్ము కాల్చినోనికి ఇంక సిగరెట్ ఎందుకని ఒట్టు వెట్టుకున్న. ఇన్నేండ్ల సంది ఊకెనే మానేసిన్నా?"

ఆయన నా చెయ్యి పట్టుకుని డప్పుల పక్కకు లాక్కెళ్లి, తన పక్కన నిలబెట్టుకున్నాడు.

"నా ఒక్కనికి చెప్తె ఏం ఫాయిదా? సిగరెట్ ఖలీల్ అని నవ్విన్రు అందరు. ఆళ్లందరికి చెప్పు."

అందుకే ఇది రాశాను. ఇకపై గోటితో గీకి, వాసన చూసి, యజమానిని అడిగితే తప్ప ఏ వాయిద్యాన్నీ నిప్పు దరిదాపులకు తీసుకెళ్లనని పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను. సిగరెట్ ఖలీల్ అని నవ్విన వాళ్లంతా ఇక నన్ను చూసి నవ్వండి.

ఖలీల్ భాయ్, మాఫ్ చెయ్యి.