రువైస్ నుంచి ఏలిన రాణి

కరోనా తగ్గి మళ్ళీ హాళ్ళు తెరిచిన ఏడాది, అబుదాబిలో మా తెలుగు పిల్లల నాటకంలో నాకు రాణి వేషం వచ్చింది. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఇక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. చిక్కల్లా ఒకటే. నాన్న ఉద్యోగం రువైస్ రిఫైనరీలో. మేముండేదీ అక్కడే, అబుదాబికి కార్లో రెండు గంటల పైనే. రిహార్సల్ ఉన్న రోజే ఆయనకు డ్యూటీ పడేది. ఆయన లేకపోతే నన్ను అంత దూరం తీసుకెళ్ళేవాళ్ళు లేరు.

నాటకం నేర్పే ఆంటీ ఆస్పత్రిలో నర్సు. ఎవరు రాకపోయినా పని ఆగకూడదనే మనిషి. సింహాసనం మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేసేవారు. నేను ఇంట్లోంచి డైలాగులు చెప్పేదాన్ని. అక్కడ నా బదులు నిలబడి, పెదవులు కదుపుతూ అభినయించే పని చెలికత్తె వేషం కట్టే అమ్మాయిది. రాణి వేషానికి నాతో పోటీపడింది ఆ అమ్మాయే. చివరికి ఆమెకు దక్కింది వింజామర. ఒక్క మాటైనా లేదు.

“యల్లా, రాణిగారు లైన్లోకొచ్చేశారు, మొదలెట్టండర్రా!” అనేవారు ఆంటీ.

నేను సోఫాలో కాళ్ళు ముడుచుకుని రాజ్యం ఏలేదాన్ని. “నా చేతులు సరిగ్గా ఊపుతోందా?” అని మధ్యలో ఆరా తీసేదాన్ని.

“నీకన్న మంచిగనే ఊపుతున్న!” అని దూరం నుంచి వినిపించేది.

ప్రదర్శన రోజు నాన్న సెలవు పెట్టారు. కిరీటం పెట్టుకుని ఠీవిగా నిలబడి మొదటి డైలాగు చెప్పాను. గొంతు బ్రహ్మాండంగా పలికింది. సేనాపతి వచ్చాడు, మోకాలి మీద వంగాడు, “ఆజ్ఞ, మహారాణీ!” అన్నాడు, వింజామర పట్టుకున్న చెలికత్తెతో. పాపం, వాడి తప్పేముంది! అన్ని వారాలూ వాడి కళ్ళ ముందున్న రాణి ఆమే. వెనకే వచ్చిన మంత్రి కూడా ఆమెకే దండం పెట్టాడు. హాలంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

ఆ అమ్మాయి వింజామరతో సేనాపతి భుజం మీద ఒక్కటి వేసి నా వైపు తిప్పింది. తర్వాత నా వెనక్కి వచ్చి మోచేయి పట్టుకుని, ఎక్కడ నడవాలో ఎక్కడ ఆగాలో నాటకం అయ్యేదాకా నన్ను నడిపించింది. చప్పట్లు మోగితే నాకే అనుకుని మళ్ళీ మళ్ళీ వంగాను.

గ్రీన్‌రూమ్‌లో చూస్తే ఆమె ఏడుస్తోంది. ఏమైందని అడిగాను.

“నీకేంది, మంచిగ మాట్లాడినవ్. ఇన్ని వారాల సంది నీ డైలాగులకు నోరాడిచ్చుడే అయింది నాకు. ఒక్క డైలాగన్న ఇచ్చిన్రా?”

జాలేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. తర్వాతి నాటకంలో రాణి వేషం ఆమెకే ఇమ్మని ఆంటీకి నేనే ఫోన్ చేశాను. అందరూ నా పెద్దమనసును మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు. ఆమె నా వెనకాల నోరు మూసుకుని నిలబడినా సరే, హాల్లో అందరూ ఆమెనే చూస్తారని, ఒక్కరూ నన్ను చూడరని, ఆ భయంతోనే ఫోన్ చేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.