బాపు మా చికెన్ దుకాణం చూడవచ్చిన దినం

నేను జడ్చర్లల చికెన్ దుకాణంల పని చేస్తున్న. హైవే పొంటి ఎర్ర బోర్డు, లోపట ఏసీ, వేయించిన కోడి, బర్గర్లు. యాడికెళ్లో వచ్చిన పెద్ద కంపెనీ కాదు, మా దిక్కుదే. మా ఓనర్ సారు మొదట్ల నార్కట్‌పల్లి చౌరస్తాల తోపుడు బండి మీద లారీ డ్రైవర్లకు కోడి కాళ్లు వేయించి అమ్మేటోడట. తెలంగాణ వచ్చినంక నల్గొండల దుకాణం తెరిచిండు. గాడికెళ్లి ఒక్కో ఊర్లె ఒక్కోటి. ఆ బండి ఫోటో అన్ని దుకాణాలల్ల గోడకు ఉంటది. కొత్తగ చేరినోళ్లకు ముందుగాల్ల గా కథనే చెప్తరు.

తర్వాత రూల్సు. టోపీలకెళ్లి ఒక్క ఎంటిక బయటికి రావొద్దు. తలుపు తెరుచుకుంటే ఎవలు ఏ పనిల ఉన్నా అందరం ఒక్కసారే "నమస్తే" అని ఒర్రాలె. ఇంకోటి, అన్నా, అక్కా, పెద్దమ్మా అనొద్దు. సార్, మేడమ్, అంతే. నాకు గదే కష్టమైంది. నేను బస్సుల పక్కన కూసున్నోళ్లతోని గూడ వరుస కలుపుత. ఎవలన్న ముసలామె వస్తే "అవ్వా, మెత్తటి ముక్క ఇయ్యాల్నా" అంటుంటి. ఇంచార్జ్ సారు అందరి ముంగట "ఇదేమన్న మీ అమ్మగారి ఇల్లా?" అనేటోడు. నూనె కాడ ఉండే నా దోస్తు, సాయిబుల పిల్ల, "ఈమెకు కస్టమర్లు రారు సార్, సుట్టాలే వస్తరు" అని నవ్వేది. తిట్టి తిట్టి అలవాటు చేసిండ్రు.

మా ఇంట్ల గొర్లు కాస్తరు. ఊర్లె ఎవలో బాపుకు చెప్పిండ్రట, "నీ బిడ్డ హోటల్ల ఎంగిలి టేబుళ్లు తుడుస్తాంది" అని. బాపు ఫోన్ల ఒక్కటే మాట: "ఐతారం వస్త. సూస్త. మంచిగ లేకుంటే సామాను సదురుకొని నాతోని రా." నాకు ఒకటే ఫికర్. ఇంటికి పోతే మళ్ల గొర్ల ఎంబడే గదా.

వచ్చిండు. తెల్ల ధోతి, భుజం మీద గొంగడి. అందరం "నమస్తే" అని ఒర్రినం. బాపు ఉలిక్కిపడి ఎనక్కి సూసిండు, తన ఎనుక ఎవలన్న పెద్దమనిషి వస్తుండేమో అని. ఎవలూ లేరు. గప్పుడు తనే రెండు చేతులెత్తి అందరికి దండం పెట్టిండు.

నేనే ట్రేల పెట్టిచ్చిన, అట్ట డబ్బాల అన్నం, కోడి. మంచిగ తిన్నడు. బొక్కలు సుత నమిలిండు. కౌంటర్ల నిలబడి సంబురంగ సూస్తున్న. ఇంతల నీళ్ల సీసా మూత తీసిండు. నాకు సమజైంది, గని ముంగట లైన్ ఉండె. మా ఇంట్ల తిన్నంక కంచంలనే చెయ్యి కడుగుతం, లేచి పోవుడు ఉండది. బాపు గట్లనే డబ్బాల నీళ్లు పోసుకుంట నిమ్మలంగ చెయ్యి కడిగిండు.

అట్ట డబ్బా కంచమైతదా? మూలలకెళ్లి ఎర్ర నీళ్లు టేబుల్ మీదికి, ఆడికెళ్లి పక్కకు కూసున్నాయన తెల్ల ప్యాంటు మీదికి. ఆయన ఎగిరి లేచి, "ఎసొంటోళ్లనైనా లోపటికి రానిస్తరా?" అని మొత్తుకున్నడు. ఎవలో ఫోన్ తీసి ఫోటో కొట్టిండ్రు. ఇంచార్జ్ సారు నా దిక్కు సూసి కండ్లతోనే "పో" అన్నడు.

తుడిచే కర్ర పట్టుకొని పోయిన. "ఈయన మా బాపు" అంటే అయిపోతుండె. నోట్లెకెళ్లి రాలె.

"జర పక్కకు జరగండి సార్" అన్న. మా బాపుతోని.

బాపు గబగబ లేచిండు. తడి చెయ్యి ధోతికి తుడుసుకుంట నా మొకం దిక్కు సూసిండు. నేను వంగి కింద కారిన నీళ్లు తుడిచిన. ఆరిపోయిన జాగా గూడ మళ్ల తుడిచిన, తల లేపాల్సొస్తదని.

బస్సు కాడికి తోలియ్యవోయిన. సామాను సదురుకొమ్మంటడనుకున్న. "చెయ్ బిడ్డా" అన్నడు. "మంచి జాగానే. గొర్లు కాసెటోన్ని గూడ సార్ అంటున్నరు. నువ్వు గూడ అంటివి." మొకంల కోపం లేదు. జర గొప్పగనే ఉండె.

తిట్టినా బాగుండు. ఇప్పుడు ఊర్లె కనవడ్డోళ్లకల్ల గదే చెప్తుండట, అందరి ముంగట నా బిడ్డ నన్ను సారన్నదని. అమ్మ ఫోన్ చేసి, "నన్నెప్పుడు తీస్కపోతవే? నన్ను గూడ మేడమంటరా?" అని ఒకటే నవ్వుడు.

"రష్ ఉన్నదమ్మా, జర ఆగు" అంటున్న. మొన్న గూడ గదే అన్న.