సుతె అంటే ఏమిటో తవిటమ్మకి తెలుసు

మీరు తవిటమ్మ ఆంటీని ఒక్కసారైనా కలిసి తీరాలి. సింగపూర్ యీషున్‌లో మా బ్లాకే, నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క ఫ్లాట్. అరవై రెండేళ్లు. పుట్టింది మలేషియాలో, పెరాక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో. తాతలది శ్రీకాకుళం దగ్గర ఊరట, ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చదివింది ఆరో తరగతి. అయినా జపనీస్ గడగడా మాట్లాడుతుంది. ఒక జపాన్ మేనేజరు ఇంట్లో పంతొమ్మిదేళ్లు వంట చేసింది మరి.

ఆ భాష నేర్పింది మేనేజరు తల్లి. పేరు సుతె. ఒకరోజు వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ, నీ పేరుకి అర్థమేమిటని ఆ పెద్దావిడ అడిగింది. తవిటమ్మ చెప్పింది: ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డని పొరుగింటావిడ చేతిలో పెట్టేసి, చాటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంటారు. తవుడికి అమ్ముడుపోయిన పిల్ల మీద చావుకి ఆశ ఉండదని నమ్మకం.

సుతె-సాన్, అంటే సుతెగారు, చేతిలో కాయ అలాగే పట్టుకుని నవ్విందట. సుతె అంటే పారేసినది. ఆవిడకి ముందు పుట్టినవాళ్లూ బతకలేదు. తండ్రి ఆమెని బుట్టలో పెట్టి నాలుగు దారులు కలిసేచోట వదిలాడు. ముందే మాట్లాడిపెట్టుకున్న పొరుగామె "దొరికింది" అంటూ ఎత్తుకొచ్చి ఇచ్చింది. పాతకాలం జపాన్‌లో అదొక ఆచారం. ఎత్తుకొచ్చినామె ఆ బిడ్డకి జన్మంతా రెండో తల్లే. బడిలో మాత్రం తోటిపిల్లలు చెత్తబుట్ట చూపించి సుతెని ఏడిపించేవారు. తవిటమ్మని ఎస్టేటు బడిలో "నిన్నెంత తవుడికి కొన్నారే?" అని అడిగేవారు. ఆ రోజు ఇద్దరూ నవ్వుతూనే కూర్చున్నారు, కూర మాడిపోయింది. సుతె-సాన్ తొంభై ఒకటో ఏట పోయింది.

ఇక పోయినేడు, 2000 సంవత్సరం. ఐటీ ఉద్యోగాలకి వారానికొక తెలుగు కుటుంబం మా బ్లాకులో దిగుతున్న రోజులు. ఏడో అంతస్తులో రుచిత, అభిజిత్ ఉంటారు. అభిజిత్‌కి టోక్యో ప్రాజెక్టు ఖాయమైంది. రుచితకి రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి ఏడో నెలలోనే పాప పుట్టి, ఆసుపత్రిలో ఇంక్యుబేటర్‌లో ఉంది. పేరు నమోదుకి ఇంకా మూడు రోజులే గడువు.

గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు భ్రమరాంబ, తవిటమ్మ నోట ఆ కథ విన్న క్షణమే పట్టుకుంది.

"మన పాపకీ ఆ పేరే పెడదామే."

"అత్తయ్యా, ప్లీజ్! పాస్‌పోర్టులో తవిటమ్మ అనా? ఆ అమ్మడాలూ కొనడాలూ నా పిల్లకొద్దు."

"నానిక్కడే కూకున్నానమ్మా," అంది తవిటమ్మ. "పర్లేదులే, కానీ."

రుచిత నాలిక్కరుచుకుంది.

ఆ సాయంత్రం భ్రమరాంబ ఒక్కతే నాలుగో అంతస్తుకి దిగింది. "అదే అర్థం వచ్చే జపాన్ పేరేదైనా చెప్పండి తవిటమ్మగారూ. అర్థం మాత్రం మా కోడలికి చెప్పకండి. నా మనవరాలు బతకాలి."

తవిటమ్మ కాదనలేకపోయింది. సుతె పేరు చెప్పింది.

మర్నాడు అత్తగారు చెప్పిన పేరు నచ్చి రుచిత ఫారం పట్టుకుని వచ్చేసింది. "సుతె! ఎంత ముద్దుగా ఉందో ఆంటీ. టోక్యోలోనూ పలకడం ఈజీ. మీనింగ్ ఏంటి?"

ఆమె వెనకాల భ్రమరాంబ వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది.

"పారేసింది అని, అమ్మా."

తవిటమ్మ బుట్ట సంగతీ చెప్పింది, చెత్తబుట్ట సంగతీ చెప్పింది. "ఆ మామ్మ తొంబయ్యేళ్లు బతికింది, అదీ నిజమే. బళ్లో ఏడ్సింది, ఇదీ నిజమే. నువ్వెల్తున్న ఊళ్లో అందరికీ తెలుస్తాదమ్మా. ఆపైన నీ ఇష్టం."

రుచిత ఫారంలో అమూల్య అని రాసింది. భ్రమరాంబ ఆరు వారాలు తవిటమ్మతో మాట్లాడలేదు.

ఏడో వారం పాప ఇంటికొచ్చింది. కింద టాక్సీలోంచి రుచితా అభిజిత్ సామాన్లు దించుతుంటే, పాపని ఎత్తుకుని ముందు లిఫ్టెక్కిన భ్రమరాంబ నాలుగో అంతస్తులోనే దిగి తలుపు కొట్టింది. మోచేతికి ప్లాస్టిక్ కవరు. అందులో ఓట్స్ తవుడు పాకెట్.

"ఈ ఊళ్లో తవుడెక్కడ దొరుకుతుందండీ, సూపర్‌మార్కెట్‌లో ఇదొక్కటే ఉంది. పాపని పట్టుకోండి. తొందరగా, వాళ్లొచ్చేస్తారు."

"రుచితమ్మ వద్దంది కదా వొదినగారూ!"

"పేరు వద్దంది. సరే, పెట్టలేదుగా."

తవిటమ్మ పాపని అందుకుంది. దుప్పటితో కలిపినా బరువే లేదు. పాకెట్ తీసుకుని, పాపని తిరిగిచ్చేసింది. బేరం నిమిషంలో అయిపోయింది.

రెండు రోజుల తర్వాత రుచిత తవిటమ్మ అలమరలో ఆ పాకెట్ చూసింది. "ఏంటాంటీ, డైటింగా?"

"అవునమ్మా. సుగరుంది కదా."

ఇప్పుడు అమూల్యకి ఏడాది దాటింది, సోఫాలెక్కి దూకుతోంది. వాయిదాలు పడిన టోక్యో ప్రయాణం వచ్చే శనివారం. పాకెట్ ఇంకా విప్పలేదు. పేరు దగ్గర నిజం చెప్పిందని రుచితకి ఆవిడ మీద ఎంతో గురి, అందుకే వెళ్లేముందు పాపని ఆవిడ ఒళ్లో పెట్టి ఫొటో తీయిస్తానంది. ఆ ఫొటోకి ముందే తవుడు బేరం సంగతి చెప్పేయాలా, నోరు మూసుకోవాలా అని ఆంటీ నన్నడిగింది. ఆ రోజు తలుపు దగ్గర మీరుంటే, చేతిలో పాప ఉంటే, మీరేం చేసేవారు?