మా యారాలికి వేసిన సూది

మా యారాలికి అన్నీ నాకంటే ముందే అయ్యాయి. స్లాబు ఇల్లు ముందు వాళ్లదే లేచింది. గ్యాసు పొయ్యి ముందు ఆమె వంటింట్లోకే వచ్చింది. పెద్ద కోడలిని నేనైనా, మా అత్త చివరి రోజుల్లో నీళ్లు ఆమెనే అడిగింది. ఇవేవీ నేను మరిచిపోలేదు. మరిచిపొమ్మని మా ఆయన అంటాడు. ఆయనకేం, ఆమె ఆయన తమ్ముడి భార్య, అంతే.

ఎల్లారెడ్డిలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఒకే ఏడు ఇద్దరికీ కంట్లో మోతిబిందు, అదే శుక్లం, వచ్చింది. నాకు కుడి కన్ను, ఆమెకు ఎడమ కన్ను. నా రెండో కన్ను చిన్నప్పటి నుంచే సరిగా కనపడదు. అంగన్‌వాడీలో ముప్పై ఏండ్లు రిజిస్టర్లు రాసినదాన్ని, చివరికి కరెంటు బిల్లు కూడా ఆమెతో చదివించుకోవాల్సి వచ్చింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది. "మా అక్క టీచరమ్మనే గని, ఇప్పుడు నేనే సదివిపెడుతున్న."

కామారెడ్డి కంటి దవాఖానలో ఇద్దరినీ చూసి ఆపరేషన్‌కు ఒకే తారీఖు ఇచ్చారు. తేడా ఒక్కటే. నాకు షుగర్ ఉంది, ఆమెకు లేదు. నేను రెండు పూటలా గోలీలు మింగుతాను. ఆమె నా ముందే కూర్చొని లడ్డూ తింటూ "నీకు వద్దు గదా అక్కా" అంటుంది.

డాక్టరమ్మ నాకు మాత్రం రెండుసార్లు చెప్పింది. "ఆ రోజు షుగర్ ఎక్కువుంటే చెయ్యమమ్మా. తుమ్ములు, దగ్గు ఉన్నా చెయ్యం. తుమ్మితే కంటి మీద వత్తిడి పడతది."

అది మక్కజొన్న కోసి మక్కలు ఎండబోసే కాలం. మా ఇంటి ముందు రోడ్డు మీద అటు చివర నుంచి ఇటు చివర దాకా మక్కలే. గాలి లేస్తే ఆ దుమ్మూ పొట్టూ అంతా ఇంట్లోకే. ఏటా ఆ పది రోజులు నా ముక్కు నాది కాదు. ఆ ఏడు ఆమెకు కూడా పట్టుకుంది. గోడకు అటు ఆమె తుమ్మేది, ఇటు నేను తుమ్మేదాన్ని.

ముందు నేనే మా వాడలోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. "నీకు షుగర్ ఉంది టీచరమ్మా, సూది వద్దు. రాత్రికి ఈ గోలీ ఒక్కటే వేసుకో. నిద్ర వస్తది, తక్కువ కాలేదని రెండు మింగకు" అన్నాడు. మరునాడు ఆమె పోయింది. ఆమెకు సూది వేశాడు. మధ్యాహ్నానికి తుమ్ములు బంద్. వచ్చి మా గడపలో నిలబడి, నాకు వినపడేలా గట్టిగా ఊపిరి పీల్చింది.

"చిటికెల తక్కువైంది అక్కా. నువ్వు గిట్ల తుమ్ముకుంట కూసుంటే నీ ఆపరేషన్ ఏమయితది?"

ఆమెకు సూది, నాకు గోలీ. ఆర్‌ఎంపీ చెప్పిన కారణం నా చెవికి ఎక్కలేదు. పేదల మందు నాకిచ్చి, మంచి మందు ఆమెకు దాచాడనే అనుకున్నాను. ఆపరేషన్‌కు ఇంకా రెండు రోజులే. బస్సెక్కి లింగంపేటకు పోయాను. అక్కడ ఇంకో ఆర్‌ఎంపీ. "షుగర్ గిట్ల ఏమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగాడు.

"ఏం లేదు" అన్నాను.

సూది పడింది. ఇంటికి చేరేసరికి ముక్కు తేలికైంది. నేరుగా ఆమె గడప దగ్గరికే పోయాను. "నాకు కూడ వేసిండ్రు, లింగంపేటల" అన్నాను. ఆమె ఏదో అనబోయింది. నేను ఆగలేదు. ఆ రెండు రోజులు ఎన్ని నీళ్లు తాగినా గొంతు ఎండుతూనే ఉంది. ఎండ ఎక్కువ అనుకున్నాను.

కామారెడ్డిలో సిస్టరు నా వేలు పొడిచి మిషన్ చూసింది. ఇంకో వేలు పొడిచింది. మళ్లీ చూసి లోపలికి పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

"గోలీలు వేసుకుంటలేరా?"

"రెండు పూటలా వేసుకుంటున్న."

"మరి ఇంతెట్ల పెరిగింది? వేరే మందేమన్న తీసుకున్నరా?"

నేను సంచీలో గోలీల పట్టీ వెతకసాగాను. కంట్లో చుక్కల మందు వేయించుకొని పక్క బెంచీ మీద కూర్చున్న మా యారాలు నోరు తెరిచింది. "లింగంపేటల సూది ఏపిచ్చుకుంది డాక్టరమ్మా. తుమ్ములకు." హాలులో ఉన్నవాళ్లందరూ నా దిక్కే చూశారు.

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉండి ఉంటుందని, షుగర్ లేనివాళ్లకు చెల్లినా నాలాంటి వాళ్లకు షుగర్‌ను పైకి లేపుతుందని చెప్పింది. షుగర్ తగ్గాలని నా అంతట నేను గోలీలు ఎక్కువ మింగొద్దంది. మెడికల్ షాపులో జలుబు గోలీలు, దగ్గు సిరప్పులు అడగకుండా కొనొద్దంది. "ఎవరి దగ్గరికి పోయినా ముందు షుగర్ ఉందని చెప్పాలె. దాచిపెడితే ఎట్లా?"

నన్ను వెనక్కి పంపారు. ఆమెను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం తిరుగు బస్సులో ఆమె కంటికి పట్టీ చూసి ఇద్దరు లేచి సీటిచ్చారు. నేను ఎల్లారెడ్డి దాకా కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.

ఆ తర్వాత చెప్పింది చెప్పినట్టు చేశాను. తుమ్ములకు రాత్రికి ఒక్కటే గోలీ. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోవడం. బయటికి పోతే ముక్కుకు కొంగు. మా ఆయనతో కొట్లాడి మా మక్కలను ఇంటి ముందు నుంచి తీయించి దూరంగా పోయించాను. వారానికోసారి షుగర్ చూపించుకున్నాను. మొదటి వారం కొంచెమే దిగింది. రెండో వారానికి దారికి వచ్చింది.

నడుమ దగ్గు మొదలైతే మెడికల్ షాపుకు పోయాను. ఆమె కూడా అక్కడే ఉంది. నేను సిరప్పు అడగగానే "మా అక్కకు షుగర్ ఉన్నది, సూసి ఇయ్యి బిడ్డా" అని పెద్దగా అంది. షాపాయన చేతిలోని సీసా తిరిగి అరలో పెట్టి, చక్కెర లేని మందు తీశాడు. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాకే వాడమన్నాడు. ఆమె మేలు చేసిందని మా ఆయన అంటాడు. బజారులో నా రోగం చాటింపు వేయడం మేలెట్లయితది?

మళ్లీ తారీఖు వచ్చింది. వెంట ఒక మనిషి లేకపోతే చేర్చుకోరు. మా ఆయన మక్కలు తూకం వేయించే కాంటా అదే రోజు. "ఆమెను తోల్కపో" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత గోడవతలికి కబురు పంపాను. పొద్దున్నే ఆమె నాకంటే ముందు తయారై బయట నిలబడి ఉంది.

సిస్టరు ఆమెను చూడగానే నవ్వింది. "అమ్మా, మీ కన్ను ఎట్లున్నది?"

"మంచిగ కనపడుతుంది బిడ్డా. మా అక్కను తోల్కొచ్చిన."

నా వేలు పొడిచి, ఈసారి ఒక్కసారే చూసి, రాసుకుంది. డాక్టరమ్మ వచ్చి "సూదులు, వేరే మందులు ఏమన్న?" అని అడిగింది. యారాలు నోరు తెరవకముందే నేను చెప్పాను. "సూదులు లేవు డాక్టరమ్మా. షుగర్ గోలీ, తుమ్ములకు రాత్రి గోలీ, షుగర్ లేని దగ్గు మందు. అన్నీ తెచ్చిన, ఇగో." సంచీ డాక్టరమ్మ ముందు కుమ్మరించాను.

"పోదాం పాండ్రి" అంది డాక్టరమ్మ.

సిస్టరు నా చెయ్యి పట్టుకొని తలుపు దాకా నడిపించింది. నడిపిస్తూ వెనక్కి తిరిగి మా యారాలితోనే మాట్లాడుతోంది, చుక్కల మందు రోజుకు ఎన్నిసార్లు వేసుకుంటున్నారని. ఆ రోజు ఆపరేషన్ నాది.