నాలుగు మడతల వల, ఆగిపోయిన కంప్రెసరు

నాపై ఉన్న అభియోగం ఇది: విచారణ లేకుండానే ఒక డ్రైవరును దొంగగా ప్రకటించాను, అతని బేరాలు పోగొట్టాను. వాదనలో ఎవరినైనా నిలబెట్టి ఆధారం అడిగే నేను దీనికి జవాబివ్వకుండా తప్పుకోలేను.

మార్చి చివరి వారంలో శ్రీకాకుళంలో చర్చాపోటీ. మధ్యాహ్నం రెండింటికి వేదికపై ఉండాలి. కొత్తవలసలో రైలు తప్పిపోవడంతో మూడువేలకు కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు అప్పన్న భోగాపురం వైపు తీరంలోని మత్స్యకార కుటుంబంవాడు. తొమ్మిదిన్నరకు బయలుదేరాం. విజయనగరం, చీపురుపల్లి మీదుగా ఆమదాలవలస, అక్కడినుంచి శ్రీకాకుళం. ఆగకుండా వెళితే మూడు గంటల పైచిలుకు.

విజయనగరం దాటాక రోడ్డంతా కోసిన మినుము కట్టె పరిచి ఉంది. వచ్చేపోయే బండ్ల చక్రాలే గింజ రాల్చాలని రైతుల ఏర్పాటు. ప్రతి వాహనం వెనుకా పొట్టు మేఘంలా లేస్తోంది. పదకొండు గంటలవేళ ముందు భాగంలో టక్‌మని చప్పుడైంది. అదే క్షణంలో అప్పన్న చేయి గేరు దగ్గర కదిలింది. చల్లగాలి కాస్తా వేడిగాలయింది.

"ఏసీ ఎందుకు ఆపారు?"

"నానేటి ఆపలేదమ్మా. ఏసీ దీపం ఎలుగుతంది, సూడండి."

"పెట్రోలు మిగుల్చుకోవడానికి మనుషుల్ని ఉడకబెడతారా?"

"ఉడికితే ఇద్దరమూ ఉడుకుతన్నాం కదమ్మా!"

ఆ ఒక్క మాటతో నా వాదన కూలిపోవాల్సింది. నేను వినలేదు. చీపురుపల్లిలో మంచినీళ్లకు ఆగినప్పుడు నంబరు ప్లేటు ఫోటో తీసి, "ఏసీ దొంగ" అని ప్రయాణికుల గ్రూపులో పెట్టాను. ఆమదాలవలస చేరేలోపు అతని ఫోను రెండుసార్లు మోగింది.

"ఏసీ దొంగనంట, రేపటి బండి ఒద్దంట. పెళ్లి బేరమూ ఒద్దన్నారు. నన్నేటి సేసేరమ్మా?" అన్నాడు, అద్దంలో నన్నే చూస్తూ. "పదండి, మెకానిక్కు ముందే తేల్సుకుందాం" అని అతనే షెడ్డు ముందు కారాపాడు.

మెకానిక్ నూకరాజు కారు ముక్కు దగ్గర గొంతుక్కూర్చుని పకపకా నవ్వాడు. "ఒరే బావా, ఇదేటిరా? సేపలకేసేవా, గాలికేసేవా?"

"పొట్టు లోపలికెల్లకుండా పాత వల నాలుగు మడతలెట్టి కట్టేన్రా," అన్నాడు అప్పన్న చిన్నబోయి. గ్రిల్లు జల్లెడ వెనుక వల, వలనిండా పొట్టు, చెయ్యి పెడితే గాలి దూరే సందు లేదు.

"ఏసీ సల్లదనం తయారుసెయ్యదమ్మా. లోపలి ఏడిని మోసుకెళ్లి బయట పారేస్తాది. పారేసే గుమ్మం మూసేసినాడు మా బావ!"

వాతావరణ మార్పుపై మూడేళ్లుగా వాదిస్తున్న నాకు ఈ సంగతి తెలియదు. నూకరాజు చెప్పింది ఇదీ: ఇంజనుతో తిరిగే కంప్రెసరు గ్యాసును నొక్కి, ఒత్తిడినీ వేడినీ పెంచుతుంది. రేడియేటరు ముందున్న కండెన్సరులో ఆ వేడి బయటిగాలికి పోయి గ్యాసు ద్రవమవుతుంది. డ్రయ్యరు అందులోని తేమను పట్టేస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు ఇరుకు దారిలో దాని ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి అతిచల్లగా మారుతుంది. డాష్‌బోర్డు వెనుక ఎవాపరేటరులో మన గాలిలోని వేడిని పీల్చుకుని, మళ్లీ గ్యాసై కంప్రెసరుకు చేరుతుంది. కండెన్సరుకు గాలి తగలకపోతే ఒత్తిడి హద్దు దాటుతుంది. అది పసిగట్టిన సెన్సరు కంప్రెసరును ఆపేస్తుంది. నేను నేరానికి సాక్ష్యంగా పట్టుకున్న "టక్" అదే.

వల కోసేసి, పావుగంట చల్లారాక కండెన్సరును సన్నని నీటిధారతో కడిగారు. ఏసీ వేస్తే ముఖానికి మంచులాంటి గాలి తగిలింది. అప్పన్నకు క్షమాపణ చెప్పాను. "నాకు సెప్పి ఏటి లాభమమ్మా, బేరం ఒద్దన్నోలకి సెప్పండి" అన్నాడు. రెండింటికి పది నిమిషాల ముందు నన్ను వేదిక దగ్గర దింపాడు.

పోస్టు తొలగించడానికి ఒక్క క్షణం పట్టింది. అప్పటికే ఫోనునుంచి ఫోనుకు పాకిన ప్రతులను తొలగించడం నా వల్ల కాలేదు. వేడి ఎక్కడికీ మాయమైపోదని, ఎక్కడో చేరుతుందని ఆ షెడ్డులో నేర్చుకున్నాను; నేను వెళ్లగక్కిన వేడి అప్పన్న ఇంటికి చేరింది.

మినుము నూర్పిళ్ల రోజుల్లో ఆ దారిన వెళ్లేవారికి ఒక సూచన: ఏసీలో వేడిగాలి వస్తే కారు ఆపి ముందు జల్లెడ చూడండి, పొట్టు ఉంటే ఇంజను చల్లారాక మెల్లని నీటితో కడిగించండి, జోరుధార కొట్టిస్తే కండెన్సరు రేకులు వంగిపోతాయి.

ఇక నా డిమాండు. "ఏసీ దొంగ" అన్న నా మాటను విచారించకుండా పంచినవారు మీలో ఉన్నారు. అదే గ్రూపులో, అదే మనుషులకు, ఈ రాత కూడా ఈరోజే పంచండి.