మూసిన గదిలో టూర్బియాన్

మా బావగారికి గడియారాల పిచ్చి నేనే అంటించాను. కాదు, ఆయనే నాకు అంటించారేమో. ఆ తగవు ఇక తేలేది కాదు. ఆయన నిడదవోలు జంక్షన్‌లో రైల్వే సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగి. నేను కాకినాడలో ఎరువుల కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. ఆదివారం అక్కావాళ్ళింటికి వెళ్తే, భోజనాలయ్యాక ఇద్దరం వరండాలో కూర్చుని ఒకే ఫోనులోకి తలలు దూర్చేవాళ్ళం. అక్క అటూ ఇటూ తిరుగుతూ, "పదో తరగతి రిజల్ట్స్ చూస్తున్నట్టున్నారు ఇద్దరూ" అని వెక్కిరించేది.

మేం వెతుకుతున్నది టూర్బియాన్ గడియారం. మామూలు చేతి గడియారంలో ఒక చిన్న చక్రం ఉన్నచోటే ఉండి అటూ ఇటూ ఊగుతుంది. గడియారానికి ప్రాణం అదే. టూర్బియాన్‌లో ఆ చక్రాన్నీ, దాన్ని ఆడించే భాగాలనీ కలిపి ఓ బుల్లి పంజరంలో పెడతారు. పంజరం మొత్తం నిమిషానికోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. డయల్‌కి కోసిన గుండ్రటి కిటికీలోంచి అది కనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో చేసినవి కొనాలంటే పొలం అమ్ముకోవాలి. చైనాలో చేసినవి పాత స్కూటరు ధరకి దొరుకుతాయి. అవీ నిజమైన టూర్బియాన్లే. చిక్కల్లా వాటి మధ్య కలిసిపోయే నకిలీలతోనే.

కొన్నిటిలో డయల్‌కి చిల్లు పెట్టి ఊగే చక్రాన్ని చూపిస్తారు, పంజరం ఉండదు. కొన్నిటిలో పంజరంలాంటి రేకు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని తిప్పేది బ్యాటరీ. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక షాపాయన మాకు మొదటి రకం చూపించి, "ఒరిజినల్ టూర్బియాన్ అండి, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. బావగారు కళ్ళు మూయకుండా నిమిషంసేపు దాన్నే చూసి, "ఊగుతోందండి, తిరగట్లేదు" అని తిరిగి ఇచ్చేశారు. షాపాయన మొహం చూడాలి. గోదావరి గట్టు దాకా నవ్వుకుంటూనే నడిచాం.

చివరికి ఫోనులో గడియారాల పిచ్చివాళ్ళు కలుసుకునే ఒక గ్రూపులో ఒకాయన తనది అమ్ముతానన్నాడు. పంజరం ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా ఆపకుండా తీసిన వీడియో పంపమన్నాం. పంపాడు. గడియారం వచ్చాక వెనక్కి తిప్పి చూశాం. వెనకంతా అద్దమే. స్ప్రింగు, పళ్ళచక్రాలు, ఇరుసులు అరక్కుండా పొదిగిన బుల్లి ఎర్రరాళ్ళు అన్నీ కనిపిస్తున్నాయి. బ్యాటరీ అన్న మాటే లేదు. రోజూ కీ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఒకటిన్నర రోజులో ఆగిపోతుంది. బావగారు దాన్ని రెండు చేతులతో ప్రసాదంలా అందుకున్నారు. "బావా, మనం మోసపోలేదోయ్" అన్నారు. ఆ మాట ఆ రోజు ఎన్నిసార్లన్నారో. డ్యూటీలో గీతలు పడతాయని చేతికి పెట్టుకునేవారు కాదు. గదిలో కిటికీ దగ్గర బల్ల మీద చిన్న స్టాండుకి తగిలించి, పొద్దున్నే నైట్ డ్యూటీ నుంచి రాగానే కీ ఇచ్చి, కాసేపు చూసుకుని పడుకునేవారు.

అలా పడుకున్నవారే ఒకరోజు లేవలేదు. ఆ రోజు అక్క, వాళ్ళ అత్తగారు, నేను కోరుకొండ కొండెక్కి నరసింహస్వామిని చూడటానికి వెళ్ళాం. ఆయన నిద్ర చాలలేదని ఇంట్లో ఉండిపోయారు. మేం వచ్చేసరికి మంచం మీద పక్కకి తిరిగి, గుమ్మం వైపు చెయ్యి చాపి ఉన్నారు. గుండెపోటని డాక్టరు చెప్పాడు. అక్క ఆ చాపిన చెయ్యిని పట్టుకుని వదల్లేదు. "పిలిచుంటార్రా. పిలిస్తే పలకడానికి ఒక్కరం లేం" అంది. ఆ తర్వాత కూడా అక్క నోట వచ్చింది ఆ మాటే.

సిద్ధాంతిగారు పంచాంగం చూసి ధనిష్ఠ అన్నారు. మావైపు ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే ఇల్లు పాడుపెడతారు, అంటే ఆరు నెలలు ఖాళీచేసి మూసేస్తారు. ఈ రోజుల్లో ఇల్లంతా వదిలి ఎక్కడికి పోతారు? పోయిన గది ఒక్కటీ మూస్తే చాలన్నారు. తాళం వేసి, గుమ్మానికి రేగికంప అడ్డం పెట్టారు. శాంతి చేయించేదాకా ఆ గడప ఎవరూ తొక్కకూడదు, లోపలి వస్తువు బయటికి రాకూడదు. ఆ హడావిడిలో గడియారం సంగతి ఎవరికీ గుర్తు లేదు. అది బల్ల మీదే ఉండిపోయింది. తాళంచెవి అక్క అత్తగారి బొడ్లోకి వెళ్ళింది.

కర్మలన్నీ అయ్యాక నేను కాకినాడ వెళ్ళిపోయి, తర్వాతి ఆదివారం వచ్చాను. అక్క వరండాలో, ఆ గది కిటికీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కిటికీ తలుపులు లోపల్నుంచి బిగించి ఉన్నా అద్దాలవి. "చూడు" అంది. మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి బల్ల మీద పడుతోంది. ఆ ఎండలో గడియారం డయల్ కింద చిన్న మెరుపు కదిలింది. మళ్ళీ కదిలింది. నేను అద్దానికి ముక్కు ఆనించి చూశాను. పంజరం తిరుగుతోంది.

అది ఎప్పుడో ఆగిపోయి ఉండాలి. ముళ్ళు చూశాను. నా చేతికున్న గడియారం ముళ్ళు ఎక్కడున్నాయో దాని ముళ్ళూ అక్కడే ఉన్నాయి. ఆగి మళ్ళీ నడిచిందనుకోవడానికి కూడా లేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళాను. రేగికంప కదలలేదు. తాళం మీద సాలెగూడు అల్లుకుని ఉంది. సాలీడుకి గూడు అల్లడానికి ఒక్క రాత్రి చాలని నాకూ తెలుసు. తెలిసినా, ఆ గూడు వైపు రెండోసారి చూడలేకపోయాను.

"ఆయన ఉన్నార్రా లోపల" అంది అక్క. ఏడుపు లేదు, కంగారు లేదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అంది. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

అప్పటినుంచి అక్క ఆ కుర్చీ వదల్లేదు. తను పనిచేసే బడికి వెళ్ళడం మానేసింది. తిండి అక్కడే, కునుకు అక్కడే. హెడ్మాస్టరుగారు రెండుమూడుసార్లు ఫోన్ చేసి, సెలవులన్నీ అయిపోయాయనీ, ఇక తన చేతుల్లో ఏమీ లేదనీ నాకే చెప్పారు. "వెళ్ళొచ్చేసరికి ఒకసారి పోగొట్టుకున్నాను. మళ్ళీ ఒంటరిగా వదలమంటావా?" అని అడిగేది అక్క. నేను వచ్చిన ప్రతిసారీ అది తిరుగుతూనే ఉంది. మనిషి మాత్రం సగమైపోయింది. ఈ కుర్చీలోనే అక్క కూడా పోతుందేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది.

వాళ్ళ అత్తగారిని వంటింట్లో పట్టుకుని అడిగాను. "మీరేమైనా లోపలికి వెళ్తున్నారాండి?"

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "మూసిన గది గడప తొక్కుతానా బాబూ? నా కొడుకు గది మూయమన్నదే నేను." ఒక రాయి తీసి పక్కన పడేసి, "తిరుగుతోందా ఇంకా?" అని అడిగారు. తిరుగుతోందన్నాను. ఆవిడ మళ్ళీ బియ్యంలో వేళ్ళు పెట్టారు. ఏరిన గింజలనే మళ్ళీ ఏరుతున్నారు. భయంతోనో, పరధ్యానంతోనో చెప్పలేను.

ఆ సాయంత్రమే అక్క దగ్గర కూర్చుని అబద్ధమాడాను. "అక్కా, నీకు చెప్పకూడదనుకున్నాను. అది నకిలీది. లోపల బ్యాటరీ ఉంది. అందుకే తిరుగుతోంది."

అక్క నావైపు తిరిగింది. "రోజూ కీ ఇచ్చేవారుగా?"

"ఇచ్చినా ఇవ్వకపోయినా తిరుగుతుందది. కొన్నవాణ్ణి మురిపించడానికి పెట్టిన కీ అక్కా."

"ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"అంత సంబరపడ్డారు పాపం" అంది అక్క. తర్వాత లేచి, కుర్చీ మడిచి గోడకి ఆనించింది. సోమవారం బడికి వెళ్ళింది. అన్నం తినడం మొదలుపెట్టింది. నేను గెలిచాను. అవసరమైతే ఇప్పుడైనా అదే అబద్ధం చెబుతాను. కానీ అంతకుముందు "మీ బావగారు" అని రోజుకి పదిసార్లు అనే మనిషి ఆ మాట ఎత్తడం మానేసింది. ఆ గడియారం తిరుగుతుంటే ఇక చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆదివారం అక్క వంటింట్లో ఉన్నప్పుడు అద్దం దగ్గరికి వెళ్ళేవాణ్ణి. "బావగారూ, నన్ను క్షమించండి" అని ఒకసారి పైకే అనేశాను. ఆ క్షణంలో వెనక ఎవరో నిలబడ్డారనిపించి చూస్తే వరండా ఖాళీ.

గడువు తీరాక శాంతి చేయించారు. తలుపు తీయగానే అందరికంటే ముందు నేల మీది దుమ్ము చూడాలనుకున్నాను. అడుగుల గుర్తులుంటే మనిషి పనని తెలిసిపోతుంది. నా ఖర్మ కొద్దీ సిద్ధాంతిగారు చెంబెడు నీళ్ళు చల్లుకుంటూ ముందు నడిచారు. దుమ్మంతా బురదైంది. మూసిన గాలి వాసన గుప్పున కొట్టింది. బల్ల మీద అది తిరుగుతూనే ఉంది.

నేను అందుకునేలోపే అక్క తీసుకుంది. డయల్ వైపు చూసింది. వెనక్కి తిప్పింది. వెనక అద్దంలోంచి స్ప్రింగు, పళ్ళచక్రాలు, ఎర్రరాళ్ళు కనిపిస్తున్నాయి. అక్క సైన్సు టీచరు.

"బ్యాటరీ ఏదిరా ఇందులో?"

"లేదక్కా" అన్నాను.

"అయితే ఆయన మోసపోలేదు."

"లేదు. నిజమైనదే."

అక్క నా చెంప మీద ఒక్కటి వేసింది, గట్టిగానే. ఆ వెంటనే నా భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూ మధ్యలో నవ్వింది కూడా. "నిజమైనదేనట అత్తయ్యా" అని ఆవిడకి చూపించింది. నేను కీ పట్టుకుని నెమ్మదిగా తిప్పబోయాను. తిరగలేదు. స్ప్రింగు నిండా చుట్టుకుని ఉంది. అప్పుడే ఎవరో కీ ఇచ్చి పక్కకి తప్పుకున్నట్టు. ఈసారి దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సిద్ధాంతిగారు చెంబు తీసుకుని బయటికి నడిచారు. అత్తగారు కొడుకు మంచం కోడు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరు కీ ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడని మళ్ళీ అడగలేదు.

"ఇంక ఎవరూ కీ ఇవ్వొద్దు. ఆగనీయండి" అంది అక్క.

గడియారాన్ని మంచం మీద, ఆయన తల పెట్టుకునే చోట పెట్టింది. మేం ముగ్గురం కింద చాప వేసుకుని కూర్చున్నాం. ఆ రాత్రి వంతులవారీగా పడుకున్నాం. మర్నాడు అన్నాలు కూడా అక్కడే తిన్నాం. ఎండ వాలేవేళకి చక్రం ఊగడం బరువెక్కింది. పంజరం ఒకచోట తడబడి, కాస్త కదిలి, ఆగింది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. అక్క మంచం మీదికి వంగి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడే ఉన్నానండి" అంది, ఎవరో పిలిస్తే పలికినట్టు.